రేపు ఎవరి చేతిలో ఉంది?

ధమ్మ పాఠం: మనిషి భవిష్యత్తు మీద నమ్మకం



వర్షావాసంలో నలుగురూ కూర్చుని చదువుకోవడానికి రాసిన పాఠం ఇది. ఒకరు పైకి చదవండి, మిగతావాళ్ళు వినండి. ఒక్కో భాగం అయ్యాక ఆగి మాట్లాడుకోండి. చివర ప్రశ్నలు ఉన్నాయి.

మన వాడల్లో చదువుకున్న పిల్లలు ఈమధ్య ఒక మాట అడుగుతున్నారు. "దీక్ష తీసుకున్నం, బుద్ధవందన చేస్తున్నం, జయంతులు చేస్తున్నం. ఏం మారింది? ముందు ముందు ఏం మారుతది?" ఆ పిల్లల్ని కసురుకోవద్దు. ప్రశ్న అడగమని నేర్పిన ధమ్మమే మనది. అయితే జవాబు చెప్పకుండా తప్పించుకోవద్దు కూడా. మనిషి జాతి ముందుకు పోతుందా, కిందికి పోతుందా? ఈ విషయంలో తథాగతుడు ఏం చెప్పాడు, బాబాసాహెబ్ ఏం చెప్పాడు, మన జహీరాబాద్ నేల ఏం చెబుతోంది? ఈ మూడూ వరుసగా చూద్దాం.

1. "కలికాలం బిడ్డా!"

ఊళ్ళో ఏదన్నా చెడు జరిగితే పెద్దలు చటుక్కున అనే మాట ఒకటుంది: "కలికాలం బిడ్డా, ఇట్లనే ఉంటది." వాన పడకపోతే కలికాలం. కొడుకు తల్లికి అన్నం పెట్టకపోతే కలికాలం. ఆడపిల్ల ఇష్టపడ్డవాణ్ణి పెండ్లి చేసుకుంటే అదీ కలికాలమే. మన ఇండ్లల్లో కూడా ఈ మాట పోలేదు. గోడ మీద బుద్ధుని పటం ఉంటుంది, నోట్లో కలికాలం ఉంటుంది.

ఈ లెక్క ఏందో చూద్దాం. పురాణాల ప్రకారం కలియుగం 4,32,000 ఏండ్లు. అది క్రీస్తుపూర్వం 3102లో మొదలైందని పంచాంగాలు చెబుతాయి. అంటే ఇప్పటికి గడిచింది ఐదు వేల చిల్లర. ఇంకా నాలుగు లక్షల ఇరవై ఆరు వేల ఏండ్ల పైన మిగిలే ఉంది. అంత కాలమూ లోకం చెడిపోతూనే ఉండాలట. అట్లాంటప్పుడు ఎవడు బడి కడతాడు, ఎవడు చెట్టు నాటుతాడు, ఎవడు అన్యాయాన్ని ఎదిరిస్తాడు? బాబాసాహెబ్ 'రిడిల్స్ ఇన్ హిందూయిజం'లో ఈ సంగతినే పట్టుకున్నారు. కలియుగాన్ని ముగింపు లేని కాలంగా ఎందుకు చేశారని సూటిగా ప్రశ్నించారు.

ఇంకో సంగతి. కలి ముదిరిందనడానికి పురాణాలు చెప్పే గుర్తులు ఏంది? శూద్రులు చదువుతారు, ధర్మం బోధిస్తారు. వర్ణాలు కలిసిపోతాయి. స్త్రీలు చెప్పినట్టు వినరు. ఇవీ ఆ గుర్తులు! ఒక్కసారి ఆగి ఆలోచించండి. మన తాత పలక పట్టలేని కాలం మంచి కాలమా? మనవరాలు డిగ్రీ చదివే కాలం చెడ్డ కాలమా? ఎవరి పెత్తనం కరుగుతుందో వాళ్ళకి అది పతనంలాగే కనిపిస్తుంది. వాళ్ళ ఏడుపును మనం ఎందుకు అరువు తెచ్చుకోవాలి?

1961 జనగణన లెక్క చూడండి. షెడ్యూల్డ్ కులాల ఆడవాళ్ళలో చదవడం రాయడం వచ్చినవాళ్ళు నూటికి ముగ్గురే, కాస్త పైన. 2011 నాటికి నూటికి 56 మంది. యాభై ఏండ్లలో ఇంత. వేల ఏండ్లలో కానిది ఒక మనిషి జీవితకాలంలో అయింది. దీన్ని కలికాలం అంటే మన అమ్మల కష్టాన్ని మనమే తుడిపేసినట్టు.

"బ్రహ్మంగారు ఎప్పుడో చెప్పిండు" అనేవాళ్ళూ ఉన్నారు. పోతులూరి వీరబ్రహ్మాన్ని మనం చిన్నచూపు చూడనక్కర్లేదు. దూదేకుల సిద్దయ్యనీ, మాదిగ కక్కయ్యనీ శిష్యులుగా దగ్గరికి తీసుకున్నాడని జనం చెప్పుకునే మనిషి ఆయన. కానీ లోకం ఏం గుర్తుపెట్టుకుంది? ఆయన పేరు మీద జోస్యాలు గుర్తుపెట్టుకుంది, కులం మీద ఆయన వేసిన ప్రశ్నను పక్కన పెట్టింది. జోస్యం వింటూ కూర్చోవచ్చు. ప్రశ్న అయితే లేచి పని చేయమంటుంది.

2. దారపు ఉండ కథ

అయితే "అంతా చెడిపోతుంది" అనడం తప్పు కాబట్టి "అంతా దానంతట అదే బాగుపడుతుంది" అనడం ఒప్పు అవుతుందా? కాదు. ఈ రెండో తప్పును కూడా తథాగతుడు తన కాలంలోనే ఎదుర్కొన్నాడు.

ఆ రోజుల్లో మక్ఖలి గోశాలుడు అనే ఆచార్యుడు ఉండేవాడు. ఆయన బోధ దీఘనికాయంలోని సామఞ్ఞఫల సుత్తంలో ఉంది. దారపు ఉండను నేల మీద విసిరితే దారం అయిపోయేదాకా అదే దొర్లుతూ విప్పుకుంటూ పోతుంది. మనుషులు కూడా అంతే, తెలివైనవాడైనా మూర్ఖుడైనా రాసిపెట్టిన జన్మలన్నీ తిరిగి తిరిగి చివరికి దుఃఖం నుంచి బయటపడతారు. మనిషి ప్రయత్నంతో పని లేదు. ఇదీ ఆయన వాదం.

చూడండి, ఇందులో ముగింపు మంచిదే! అందరూ చివరికి బయటపడతారనే చెప్పాడు. అయినా తథాగతుడు ఈ వాదాన్ని గట్టిగా ఖండించాడు. ఎందుకు? మనిషి చేసే పనికి విలువ లేకుండా చేస్తుంది కాబట్టి. చెడు తలరాత ఎంత ప్రమాదమో మంచి తలరాత కూడా అంతే ప్రమాదం. "కాలమే మారుస్తది", "సైన్సు వస్తది, అన్నీ సక్కగైతయి", "కులం దానంతటదే పోతది" అనే మాటలు ఈ కాలపు దారపు ఉండలు.

మరి ధమ్మం చెప్పేది ఏంది? పటిచ్చసముప్పాద. ఇది ఉంటే అది ఉంటుంది. ఇది లేకపోతే అది ఉండదు. ప్రతిదానికీ కారణాలు ఉంటాయి. కారణాన్ని మారిస్తే ఫలితం మారుతుంది. ఇందులో దేవుడు లేడు, తలరాత లేదు. రేపు అనేది ముందే రాసిపెట్టి లేదు. ఈరోజు మనం వేసే, తీసేసే కారణాలను బట్టి అది తయారవుతుంది.

ఒక ఉదాహరణ చెప్తాను. మశూచి వస్తే మన పెద్దలు అమ్మవారు పోసిందని, పోచమ్మకి కోపం వచ్చిందని అనుకున్నారు. వేల ఏండ్లు అది మనుషుల్ని చంపింది, బతికినవాళ్ళ మొహాలు గుంటలు చేసింది, కండ్లు తీసింది. 1796లో ఎడ్వర్డ్ జెన్నర్ అనే వైద్యుడు దానికి టీకా చేసి చూపించాడు. తర్వాత కూడా రోగం తనంతట తాను పోలేదు. పోనీకి ఇంకో 180 ఏండ్లు పట్టింది. మన దేశంలో 1970లలో ఆరోగ్య కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి రోగుల్ని వెతికారు, చుట్టూ ఉన్నవాళ్ళకి టీకాలు వేశారు. 1975లో మన దేశంలో చివరి కేసు. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భూమి మీద మశూచి లేదని ప్రకటించింది.

ఇది గ్రంథంలో చదువుకునే పటిచ్చసముప్పాద కాదు, మన వీధుల్లోనే నడిచిన పటిచ్చసముప్పాద. కారణం తెలిసింది. కారణాన్ని తీసేసే పని ఎవరో చేశారు. ఫలితం ఆగిపోయింది. ఇందులో "ఎవరో చేశారు" అన్న మాటను మరిచిపోవద్దు. ఆ పనిలో ఎక్కువమంది పేర్లు మనకు తెలియని మామూలు మనుషులు.

3. బాబాసాహెబ్ వేసిన ప్రశ్న

బౌద్ధం అంటే దుఃఖం, దుఃఖం అంటే నిరాశ అని కొందరు అంటారు. "మీ బుద్ధుడు బతుకంతా దుఃఖమే అన్నాడు గదా, మరి మీకు ఆశ ఎక్కడిది?" అని మనల్ని అడుగుతారు.

ఈ ప్రశ్నను బాబాసాహెబే ముందు వేసుకున్నారు. 'బుద్ధుడు - ఆయన ధమ్మం' గ్రంథం మొదట్లోనే ఆయన ఈ చిక్కును పెట్టారు. పుట్టుక దుఃఖం, బతుకు దుఃఖం, చావు దుఃఖం, మళ్ళీ పుట్టడం దుఃఖం అని చెప్పి ఊరుకుంటే మనిషికి మిగిలే ఆశ ఏంది? అట్లా చెబితే ధమ్మం నిరాశావాదం అయిపోదా? ఇది తథాగతుని అసలు బోధేనా, తర్వాత భిక్షువులు చేర్చిందా? ఇంత ధైర్యంగా తన గురువు బోధనే పరీక్షకు పెట్టిన శిష్యుడు ఇంకెవరున్నారు?

ఆ గ్రంథంలో బాబాసాహెబ్ చెప్పిన జవాబు మనకు దారి. దుఃఖం ఉందని గుర్తించడం ధమ్మంలో సగమే. దాన్ని తొలగించే దారి చూపడం మిగతా సగం. ఆ దుఃఖంలో పెద్ద భాగం ఆకాశం నుంచి ఊడిపడింది కాదు. మనిషి మనిషికి చేసిన అన్యాయం నుంచి పుట్టింది. మనిషి చేసింది కాబట్టి మనిషి తీసేయగలడు. ధమ్మం పని ఈ లోకాన్ని మళ్ళీ కట్టడం. తథాగతుడు మోక్షదాత కాదు, మార్గదాత. దారి ఆయన చూపిస్తాడు, నడవాల్సింది మనమే.

డాక్టరు దగ్గరికి పోతే ముందు రోగం పేరు చెబుతాడు. ఆ మాట విని భయపడి లేచి వచ్చేస్తే డాక్టరుది నిరాశావాదం అనుకుంటాం. మందు రాసేదాకా కూర్చుంటేనే అది ఆశ అని తెలుస్తుంది.

4. చక్కవత్తి సీహనాద సుత్తం

మనిషి జాతి చాలా దూరపు భవిష్యత్తు గురించి తథాగతుడు ఎక్కడన్నా మాట్లాడాడా? మాట్లాడాడు. దీఘనికాయంలో 26వ సుత్తం, చక్కవత్తి సీహనాద సుత్తం. బాబాసాహెబ్ 'బుద్ధుడా, కార్ల్ మార్క్సా' అనే వ్యాసంలో ఈ సుత్తాన్ని పొడుగ్గా ఎత్తి చూపించారు. ప్రతి ఉపాసకుడూ తెలుసుకోవాల్సిన కథ.

ఒకప్పుడు మనుషులు 80,000 ఏండ్లు బతికేవారట. ఒక రాజు వచ్చాడు. రాజ్యాన్ని కాపాడాడు, కాపలా పెట్టాడు. కానీ ఒక్క పని చేయలేదు. లేనివాళ్ళకి ధనం ఇవ్వలేదు. దాంతో పేదరికం పెరిగింది. పేదరికం పెరిగేసరికి దొంగతనం పుట్టింది. మొదట దొరికిన దొంగకి రాజు డబ్బిచ్చి పంపాడు. అది చూసి ఇంకొందరు దొంగతనానికి దిగారు. అప్పుడు రాజు తల నరికించాడు. అది చూసి దొంగలు కత్తులు చేయించుకున్నారు. కత్తులతో హత్యలు వచ్చాయి. హత్యల తర్వాత అబద్ధం, చాడీ, కామంలో అదుపు తప్పడం, ద్వేషం, తల్లిదండ్రులంటే లెక్క లేకపోవడం వచ్చాయి. ఒక్కో మెట్టు దిగేకొద్దీ ఆయుష్షు తగ్గుతూ పోయింది. చివరికి మనిషి ఆయుష్షు పదేండ్లు. ఐదేండ్లకే పిల్లలకు పెండ్లిండ్లు.

ఆఖరుకు ఏడు రోజుల కత్తుల కాలం వస్తుంది. మనిషికి మనిషి జంతువులా కనిపిస్తాడు. కనిపించినవాణ్ణల్లా నరుకుతారు. కొందరు మాత్రం "మనం ఎవరినీ చంపొద్దు, మనల్నీ ఎవరూ చంపొద్దు" అనుకుని అడవుల్లో, గుట్టల్లో, చెట్ల తొర్రల్లో దాక్కుని దుంపలు తిని బతుకుతారు. ఏడు రోజుల తర్వాత బయటికి వచ్చి ఒకర్నొకరు కావలించుకుంటారు. బతికున్నావా అని సంతోషపడతారు. చెడ్డ పనులు చేసి ఇంతమందిని పోగొట్టుకున్నాం, ఇక మంచి పని చేద్దాం అనుకుంటారు. ఏం చేద్దాం? ముందు చంపడం మానేద్దాం అనుకుంటారు. ఆ ఒక్కదానితో వాళ్ళ పిల్లల ఆయుష్షు ఇరవై ఏండ్లవుతుంది. తర్వాత దొంగతనం మానేస్తారు, నలభై అవుతుంది. అట్లా ఒక్కో శీలం పట్టుకుని తరతరానికి పెరుగుతూ మళ్ళీ 80,000 ఏండ్లకు చేరతారు.

ఈ అంకెలను చరిత్ర అనుకోనక్కర్లేదు. కాలామ సుత్తం మనకు నేర్పింది ఏంది? గ్రంథంలో ఉందని దేన్నీ నమ్మొద్దు, పరీక్షించి తీసుకోమని. పరీక్షించినా నిలబడే సంగతులు ఇందులో మూడున్నాయి.

ఒకటి. పతనానికి మొదటి కారణం శాపం కాదు, యుగం కాదు. లేనివాడికి ఇవ్వకపోవడం. బాబాసాహెబ్‌కి ఈ సుత్తం నచ్చింది అందుకే. శీలం చెడడానికి వెనక ఆకలి ఉంది, ఆకలి వెనక పంపకం ఉంది. ఇదే దీఘనికాయంలో కూటదంత సుత్తం మందు కూడా చెబుతుంది. దొంగల్ని చంపి జైళ్ళు నింపితే దొంగతనం పోదు, వ్యవసాయం చేసేవాడికి విత్తనాలు, తిండిగింజలు, వ్యాపారం చేసేవాడికి పెట్టుబడి, పనిచేసేవాడికి కూలి ఇవ్వమని రాజుకు సలహా దొరుకుతుంది.

రెండు. తిరిగి పైకి ఎక్కేటప్పుడు రాజు లేడు, దేవుడు లేడు, గురువు కూడా లేడు. తొర్రల్లోంచి బయటికి వచ్చిన మామూలు మనుషులే తమలో తాము మాట్లాడుకుని నిర్ణయం తీసుకున్నారు. మొదలుపెట్టింది ఒక్క శీలంతోనే.

మూడు. మైత్రేయ బుద్ధుడు వస్తాడని ఈ సుత్తంలో ఉంది. ఎప్పుడు వస్తాడు? మనుషులు మళ్ళీ 80,000 ఏండ్లకు చేరాక. అంటే ఆయన వచ్చి మనుషుల్ని బాగుచేయలేదు. మనుషులు బాగుపడ్డాక ఆయన వచ్చాడు. ఎవరో వచ్చి ఉద్ధరిస్తారని ఎదురుచూసేవాళ్ళకి ఈ సుత్తంలో చోటు లేదు. అందుకే ఈ సుత్తం మొదట్లోనే భిక్షువులకు చెప్పిన మాట అత్త దీప: మీకు మీరే శరణు, మీకు మీరే ఆధారం. పాళీలో దీప అంటే ద్వీపమనీ దీపమనీ రెండర్థాలు. మన చిరాగ్‌పల్లి పేరులోని చిరాగ్ కూడా దీపమే. దీపం వేరే ఊరి నుంచి వస్తుందని ఈ ఊరివాళ్ళం ఎదురుచూడటం ఏం బాగుంటుంది!

5. మన నేల చెప్పే పాఠం

ఇప్పుడు మన ప్రాంతానికి వద్దాం. 65వ నంబరు జాతీయ రహదారి మీద కర్ణాటక సరిహద్దున మనం ఉన్నాం. జహీరాబాద్ తాలూకా 1956 దాకా బీదర్ జిల్లాలో ఉండేది. ఎర్ర చెలకలు, అక్కడక్కడ నల్ల రేగడి. వాన మీద ఆధారం. మన పెద్దల బతుకు వెట్టి, జీతం, కూలి. భూమి ఉన్నా అది బీడు, రాళ్ళు. ఎవరూ పట్టించుకోని భూమి.

పస్తాపూర్‌లో 1983లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పని మొదలైంది. అది బౌద్ధ సంస్థ కాదు. కానీ అక్కడ సంఘాలు కట్టింది ఎక్కువగా మన దళిత ఆడవాళ్ళు. వాళ్ళు చేసిన పనిని ధమ్మం కళ్ళతో చూద్దాం.

అప్పటికి ఊళ్ళో జొన్న, సజ్జ, కొర్ర తినడం చిన్నతనం అయిపోయింది. బియ్యం తింటేనే మర్యాద. పాత విత్తనాలు ఒక్కొక్కటే మాయమవుతున్నాయి. విత్తనం కొనాలి, ఎరువు కొనాలి, మందు కొనాలి. కొనడానికి అప్పు. ఆ ఆడవాళ్ళు వెతికి వెతికి ముసలమ్మల దగ్గర మిగిలిన గుప్పెడు గుప్పెడు గింజలు తెచ్చారు. పచ్చజొన్న, తెల్లజొన్న, సజ్జ, కొర్ర, సామ, తైద, కంది, అనుము, గడ్డినువ్వు, కుసుమ, అవిసె. బూడిద, వేపాకు కలిపి, పేడతో మట్టితో అలికిన బుట్టల్లో దాచారు. ఊరూరా విత్తన బ్యాంకులు పెట్టారు. కావలసినవాళ్ళు గింజలు తీసుకుపోవచ్చు. పంట వచ్చాక తీసుకున్నదానికంటే ఎక్కువ తెచ్చి ఇవ్వాలి. డబ్బుతో పని లేదు. అప్పు పెరిగినకొద్దీ బాకీదారుడు మునిగిపోయే లెక్క కాదు ఇది. ఇచ్చినకొద్దీ బుట్ట నిండే లెక్క.

1990ల నడుమ నుంచి బీడు భూముల్ని సాగులోకి తెచ్చి ఆ జొన్నలతో ఊరి ధాన్యనిధి పెట్టారు. ఊళ్ళో ఎవరు ఎంత పేదవాళ్ళో ఊరివాళ్ళే కూర్చుని తేల్చారు. ఎక్కువ పేదవాళ్ళకి ఎక్కువ గింజలు, తక్కువ ధరకి. చక్కవత్తి సుత్తంలో రాజు మరిచిపోయిన పనిని ఈ కూలి ఆడవాళ్ళు చేశారు! కూటదంత సుత్తంలో రాజుకు చెప్పిన విత్తనాల సలహాను ఏ రాజూ లేకుండానే అమలు చేశారు.

ఏటా సంక్రాంతి సమయంలో పాత పంటల జాతర బండ్ల మీద ఊరూరూ తిరుగుతుంది. 2008లో మాచ్నూర్‌లో సంగం రేడియో మొదలైంది. దాన్ని నడిపింది దళిత ఆడవాళ్ళే. 2019లో ఆ సంఘాలకు ఐక్యరాజ్యసమితి వాళ్ళ ఈక్వేటర్ బహుమతి వచ్చింది. 2023ను ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకుంది. పేదోళ్ళ తిండి అని నవ్విన గింజ ఇప్పుడు షుగరున్నవాళ్ళకి డాక్టర్లు రాసే తిండి.

ఇక్కడ ఒక చిత్రమైన సంగతి ఉంది. చక్కవత్తి సుత్తంలో పతనానికి గుర్తుగా కుద్రూసం అనే ముతక గింజే గొప్ప తిండి అవుతుందని ఉంటుంది. నెయ్యి, తేనె, ఉప్పు రుచులు కూడా మాయమవుతాయట. ఆనాటివాళ్ళకి కూడా ముతక ధాన్యం అంటే చిన్నచూపే అన్నమాట. మన అమ్మలు ఆ లెక్కను తిరగేశారు. కింద పడేసిన గింజనే పైకి ఎక్కే మెట్టు చేశారు. ఎండలు ముదిరి, వానలు మాటతప్పే రోజుల్లో తక్కువ నీళ్ళతో పండే ఈ గింజలే మన పిల్లల పిల్లల్ని బతికిస్తాయి.

ఒక్క సంగతి గమనించండి. విత్తనం దాచేవాళ్ళు ఆ సంవత్సరం ఆకలి ఉన్నా ఆ గింజ తినరు. అది తర్వాతి కారుకు, తర్వాతి తరానికి. పుట్టని మనిషి కోసం ఈరోజు ఒక గుప్పెడు పక్కన పెట్టడం. భవిష్యత్తు మీద నమ్మకం అంటే ఇంతకంటే పెద్ద నిర్వచనం నాకు తెలియదు. వాన పడుతుందని వాళ్ళకు ఎవరూ హామీ ఇవ్వలేదు. వాన పడితే విత్తడానికి గింజ ఉండాలన్నదే వాళ్ళ లెక్క.

6. మారనిది కూడా చెప్పుకుందాం

ఆశ పేరుతో అబద్ధం చెప్పడం ధమ్మం కాదు. ముసావాదం మానతామని రోజూ శీలం తీసుకుంటున్నాం. కాబట్టి మారనిది కూడా చెప్పుకుందాం.

1985 జులై 17న కారంచేడులో ఆరుగురు దళితుల్ని చంపారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపారు. ఇట్లాంటి దాడుల మీద లేచిన దళిత ఉద్యమాల ఒత్తిడితో 1989లో అట్రాసిటీ చట్టం వచ్చింది. చుండూరు కేసులో 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలను కొట్టేసింది. అంటే ఏంది? మెట్లు ఎక్కాం, ఒక మెట్టు జారాం. ఎక్కిందీ నిజమే, జారిందీ నిజమే.

ఇప్పటికీ పరువు పేరుతో పిల్లల్ని చంపుతున్నారు. యూనివర్సిటీల్లో మన పిల్లలు ఊపిరాడక పోతున్నారు. ప్రపంచం చూస్తే లోకాన్ని బూడిద చేసే అణుబాంబులు దేశాల దగ్గర ఉన్నాయి. ఫోన్లలో అబద్ధం నిమిషంలో ఊరు దాటుతుంది. సుత్తంలో చెప్పిన మెట్లన్నీ, లేమి, కత్తి, అబద్ధం, ద్వేషం, ఇవాళ కూడా మన ముందే ఉన్నాయి.

అనిచ్చ అంటే మనం సాధారణంగా మంచి పోతుందనే భయంతో చదువుతాం. దాన్ని రెండో వైపు నుంచి కూడా చదవాలి. చెడు కూడా అనిత్యమే. వేల ఏండ్లు నిలిచిన అంటరానితనం కూడా అనిత్యమే. అయితే సాధించుకున్న హక్కు కూడా అనిత్యమే. కాపాడకపోతే పోతుంది. అందుకే 1949 నవంబరు 25న రాజ్యాంగసభలో బాబాసాహెబ్ హెచ్చరించారు. రాజకీయాల్లో సమానత్వం, బతుకులో అసమానత్వం ఉంటే ఈ కట్టడం నిలవదని. ఆయన జోస్యం చెప్పలేదు. కారణం చూపించి ఫలితం చెప్పారు.

కాబట్టి పిల్లలు "ఏం మారింది?" అని అడిగితే మూడు మాటలు చెప్పండి. చాలా చెడు ఇంకా ఉంది. చాలా మారింది. ఇంకా మార్చగలం. ఈ మూడూ ఒకేసారి నిజం. ఒకటి చెప్పి రెండు దాస్తే పిల్లలు నిరాశలోకన్నా పోతారు, లేకపోతే పటానికి దండేసి ఇంట్లో కూర్చుంటారు.

7. యాభై మూడు రోజులు

1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ దీక్ష తీసుకున్నారు. లక్షల మందికి ఇచ్చారు. డిసెంబరు 6న పరినిర్వాణం. నడుమ ఉన్నది 53 రోజులు. ఒళ్ళు బాగోలేదు, చూపు తగ్గింది, నడవడం కష్టం. అయినా చివరి రాత్రి దాకా 'బుద్ధుడు - ఆయన ధమ్మం' గ్రంథం కాగితాలు చూసుకుంటూనే ఉన్నారు. ఆ పుస్తకం అచ్చయి వచ్చింది 1957లో. ఆయన చూడలేదు. ఈరోజు చిరాగ్‌పల్లిలో మనం చదువుతున్నాం. బౌద్ధం తీసుకున్న షెడ్యూల్డ్ కులాలవారికి రిజర్వేషన్ హక్కు 1990లో వచ్చింది, ఆయన పోయిన 34 ఏండ్లకు. తాను చూడని కాలం కోసం పనిచేశారు కాబట్టే మనకు ఈ కాలం వచ్చింది.

మనం చేయగలిగింది ఏంది? నాలుగు పనులు చెప్తాను. ఏదీ పెద్దది కాదు.

ఇంట్లో "కలికాలం", "తలరాత", "కర్మ ఇంతే" అనే మాటలు మానేయండి. వాటి బదులు "దీనికి కారణం ఏంది?" అని అడగడం అలవాటు చేయండి. చిన్నపిల్లలతో ముందు మొదలుపెట్టండి.

మీ ఇంట్లో మూడు తరాల లెక్క రాయండి. తాత, నాన్న, మీరు. ఎవరు ఎంత చదివారు, ఏం పని చేశారు, ఊళ్ళో ఎక్కడ నీళ్ళు తాగారు, ఎక్కడ కూర్చున్నారు. మారింది ఒక పక్క, మారనిది ఒక పక్క. మారినదానికి కారణం ఎవరు, ఏ పోరాటం, ఏ చట్టం, ఏ బడి అన్నది పక్కనే రాయండి. ఆ కాగితమే మీ ఇంటి ధమ్మ గ్రంథం.

మీ ఫలితం మీరు చూడని ఒక్క పని ఈ వర్షావాసంలో పట్టుకోండి. చింతచెట్టు నాటవచ్చు. పాత విత్తనం ఒక గుప్పెడు తెచ్చి దాచవచ్చు. వాడలో ఒక ఆడపిల్ల పదో తరగతి దాటేదాకా ఫీజు బాధ్యత తీసుకోవచ్చు. అబ్బాయి చదువుకు అప్పు చేసి అమ్మాయి చదువు ఆపేసే ఇల్లు మన వాడలో ఇంకా ఉంది. ముందు అక్కడికి పోండి.

సంఘాన్ని వదలొద్దు. సుత్తంలో తొర్ర నుంచి బయటికి వచ్చిన మనిషి ఒంటరిగా బాగుపడలేదు. ఇంకో మనిషిని చూసి కావలించుకున్నాక నిర్ణయం పుట్టింది. విత్తన బ్యాంకు ఒక్క ఇంట్లో నడవలేదు. ఆశ కూడా ఒక్కరి మనసులో ఎక్కువ రోజులు నిలవదు. నలుగురిలో పెట్టుకుంటే పెరుగుతుంది.

రేపు ఎవరి చేతిలో ఉందన్నది మొదటి ప్రశ్న. కలి చేతిలో లేదు, బ్రహ్మరాతలో లేదు, దారపు ఉండలో లేదు, మైత్రేయుని చేతిలో కూడా లేదు. కారణాల్లో ఉంది. ఆ కారణాల్లో కొన్ని మన చేతికి అందే దూరంలో ఉన్నాయి. అందినవి పట్టుకుందాం.

చర్చకు ప్రశ్నలు

1. మీ ఇంట్లో "కలికాలం" అనే మాట ఎప్పుడెప్పుడు వస్తుంది? ఆ సందర్భంలో అసలు కారణం ఏమై ఉంటుంది?

2. గోశాలుని వాదంలో ముగింపు మంచిదైనా తథాగతుడు ఎందుకు ఒప్పుకోలేదు?

3. చక్కవత్తి సుత్తంలో పతనం ఏ తప్పుతో మొదలైంది? తిరిగి పైకి ఎక్కడం ఏ శీలంతో మొదలైంది? మన ఊళ్ళో దేనితో మొదలుపెట్టాలి?

4. పంచశీలంలో విత్తనం దాచడం ఎక్కడ ఇముడుతుంది? అది ఏ శీలానికి దగ్గర?

5. మీ ఫలితం మీరు చూడని పని ఒకటి చెప్పండి. వచ్చే పున్నమి కూటమిలో ఎంతవరకు వచ్చిందో చెప్పాలి.

జై భీమ్! నమో బుద్ధాయ!